మణికట్టు మీది నీలం

సోమవారం, పనులు దిగే వేళ

గడప చిట్టాలో రాయవలసింది రెండే ముక్కలు. ఎవరు ఇల్లు చేరారు, ఊదా దీపం కింద మణికట్టు ఏ రంగులో కనిపించింది. నెలాఖరుకు ఆసుపత్రివాళ్లు వచ్చి పట్టుకుపోతారు. చదువుతారో, మూలన పడేస్తారో వాళ్లకే తెలియాలి. అందుకే ఈ నెల నాకు తోచినదంతా రాస్తాను. నా కడుపుమంట ఇంకెక్కడ చెప్పుకోను?

మద్దిలేటి వచ్చాడు. మణికట్టు ముదురు నీలం.

మద్దిలేటి నా మొగుడు. పుట్టగొడుగులు పెంచే అరలో పని. నేను ఓబుళమ్మను, వంటశాలలో జొన్నరొట్టెలు తడతాను, రోజూ ఆయనకంటే ముందే ఇల్లు చేరతాను. ఎవరు ముందు ఇల్లు చేరితే వాళ్లు గడపలో నిలబడి, తర్వాత వచ్చేవాళ్ల మణికట్టుకు దీపం పట్టాలి. పైన వడగాడ్పులకు తాళలేక ఈ ముగ్గురాయి గనిలోకి మనుషులు కాపురానికి దిగిన రోజునుంచీ ఉన్న ఆచారం ఇది. అంటే మా ఇంట్లో దీపం పట్టేది నేను, పట్టించుకునేది ఆయన. గడపలో నా మణికట్టుకు ఇంతవరకు ఎవరూ దీపం పట్టలేదు.

పుట్టిన ఏడాదికే అందరికీ మణికట్టు మీద పచ్చబొట్టు పొడుస్తారు. మేకలకైతే చెవి మీద. అదే సూది, అదే సిరా. మామూలుగా బూడిద రంగులో పడి ఉంటుంది. ఒంట్లో అలజడి పుడితే ఊదా వెలుతురులో నీలంగా మెరుస్తుంది. ఆ మెరుపు దేనికో ఇక్కడ పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. "ఫలానావాడు నీలం తిరిగాడు" అంటే ఎవరి మీదో మనసు పడ్డాడని అర్థం.

మా పెళ్లిలో ఆచారం ప్రకారం మా ఇద్దరినీ చెయ్యీ చెయ్యీ పట్టించి గని మెట్లన్నీ ఎక్కించారు. పై తలుపు దగ్గర నిలబెట్టి దీపం పట్టారు. ఇద్దరి మణికట్లూ భగ్గుమన్నాయి. కింద జనం ఈలలు వేశారు. ఆ ఫోటో తలుపు వెనక అంటించాను. అక్కడ ఆసుపత్రివాళ్లు ఏనాడో అంటించిపోయిన రంగుల కాగితమొకటి ఉండేది, దాని మీదే అంటించాను. ఎవరింట్లో చూసినా పెళ్లి ఫోటో ఉండేది అక్కడే.

ఇప్పుడు ఆయన రోజూ నీలంగానే వస్తాడు. నా పక్కన కూర్చుని రొట్టె తినేలోగా బూడిదైపోతాడు. ఎవరిని చూసి మెరుస్తాడో, ఎవరి పక్కన ఆరిపోతాడో చెప్పడానికి పంచాంగం కావాలా? అరలో ఆయనతో పనిచేసేది ఒక్కతే. లింగేశ్వరి.

"ఏందయ్యా ఈ నీలం?" అన్నాను.

"ఏమో మే. తలకాయ పగిలిపోతాంది. కొంచేపు పండుకోనీ" అన్నాడు.

తలనొప్పట. నాకు తెలియదా ఆ తలనొప్పి!

బుధవారం

మద్దిలేటి, ముదురు నీలం.

నిన్న రొట్టె సగం వదిలేశాడు. ఇవాళ ముట్టనే లేదు. చెనిక్కాయల ఊరిబిండి నూరి పెట్టాను, ఆయనకు ప్రాణం అది. వేలితో అద్దుకుని నాకి, గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. మాటిమాటికీ ఊపిరి బరువుగా తీసి వదులుతున్నాడు. చెప్పులు ఎక్కడ విప్పాడో మరిచిపోయి ఇల్లంతా వెతికాడు, తీరా చూస్తే కాళ్లకే ఉన్నాయి. అన్నం సయించదు, నిద్ర పట్టదు, మతి నిలవదు. ఈ అవస్థలన్నీ నాకోసం ఒకప్పుడు పడి ఉంటే ఎంత బాగుండేది!

పక్కింటి హుసేనమ్మ పప్పు అప్పడగడానికి వచ్చి గడపలోనే అంతా చూసింది.

"ఏమ్మే ఓబుళా, నీ మొగుడు పెళ్లికొడుకు మాదిరి మెరుస్తాండాడు" అంది.

"మెరవనీలే, కరెంటు మిగులుతుంది" అన్నాను.

నవ్వుతూనే అన్నాను గానీ, ఆమె వెళ్లాక చేతిలో ఉన్న గిన్నె నేలకేసి కొట్టాను. సొట్ట పడింది.

లింగేశ్వరి గురించి రాస్తాను, చదివేవాళ్లు చదువుకోండి. పాతికేళ్లుంటాయి. ఒంటరిది. తల్లీ తండ్రీ పైకి పనికెళ్లి వడగాడ్పుల్లో పోయారు. ఆమెకు చివరి సందులో ఒక గది ఇచ్చారు. నడుం కొబ్బరాకు ఈనెంత ఉంటుంది. జుట్టు వదులుగా ముడేసుకుంటుంది, అది జారుతూనే ఉంటుంది, ఆమె ఎత్తికడుతూనే ఉంటుంది, దానికదే ఒక పని. నన్ను వదినా అంటుంది, ఆయన్ని అన్నా అంటుంది. వరసలు కలపడానికి ఖర్చేముంది, నోరే కదా!

శుక్రవారం

మద్దిలేటి, నీలం. ఇంతకుముందు ఇలాంటి నీలం చూడలేదు. దీపం తీసేశాక కూడా కళ్లలో నిలిచింది.

"నేనేమన్నా గుడ్డిదాన్ననుకుంటాండావా?" అని అడిగాను.

"ఏంది నీ రంది?"

"ఆ అరలో ఏముందని అడుగుతాండా."

"పుట్టగొడుగులుండాయి" అన్నాడు. కణతలు నొక్కుకుంటూ, "ఆడ గాలి సరిగా ఆడ్డంల్యా. మోటారు కాలిపోయి ఎన్నాళ్లయింది! గాలిదారి తలుపు చక్రం ఇద్దరం పట్టి తిప్పితేగానీ తెరుచుకోదు. ఆ పిల్ల శానా ఇబ్బంది పడతాంది" అన్నాడు.

ఆ పిల్ల ఇబ్బంది పడుతోందట. నేను పెనం ముందు నిలబడి మొహం కాల్చుకుంటే ఒక్కనాడైనా ఇబ్బంది అన్న మాట ఈయన నోట వచ్చిందా?

ఆయన అటు తిరిగి పడుకోగానే తిన్నగా ఎర్రిస్వామి మామ దగ్గరకు పోయాను. మా అమ్మకు తమ్ముడు, గనిలో ఎవరికి ఏ పని అనేది ఆయనే వేస్తాడు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. సగం నిజం ఏడుపు, సగం కావాలని ఏడ్చింది. మామ ఏమీ అడగలేదు. "ఊరుకో పాపా, రేపట్నించి నీ మొగుణ్ణి నీళ్ల పంపుల కాడికి ఏస్తా" అన్నాడు. అరలోకి ఇంకో మనిషిని ఎప్పుడు వేస్తావని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

మంగళవారం

మద్దిలేటి, బూడిద.

పంపుల దగ్గరకు మారిన నాలుగో రోజు. మొదటి రోజు లేత నీలం, నిన్న ఇంకా లేత, ఇవాళ పూర్తిగా బూడిద. చూసి సంబరపడ్డాను. రెండు రొట్టెలు తిన్నాడు, మూడోది అడిగాడు. గోడకు ఆనుకుని పాట ఒకటి కూనిరాగం తీశాడు.

ఆ సంబరం రొట్టె చల్లారేదాకా కూడా నిలవలేదు. ఆమె పక్కన ఉంటే అంత నీలం, ఆమె లేకపోతే ఇంత బూడిద. అంటే నేను పక్కనుండి ఏం లాభం? నేనొక మనిషినే కాదా? దీపం రెండుసార్లు పట్టి చూశాను. మూడోసారి పట్టబోతే చెయ్యి లాక్కున్నాడు.

"నన్ను మార్పించింది ఎవురో నాకు తెల్దు" అన్నాడు నెమ్మదిగా. "ఆ పిల్లను ఒంటిగా వదిలేసినారు. చక్రం ఒక్కతే ఎట్ల తిప్పుతాది? మామకు చెప్పి ఇంకోరిని ఎయ్యమను."

"నీకెందుకంత బాధ?"

నావైపు చూశాడు. పోయి పడుకున్నాడు. మామకు నేను చెప్పలేదు.

గురువారం

ఇవాళ వంటశాలకు దీపం పట్టుకుపోయాను. ఎందుకో నాకు తెలుసు.

మధ్యాహ్నం రొట్టెల వరసలో లింగేశ్వరి వచ్చింది. ఎప్పుడూ నవ్వుతూ వచ్చేది, ఇవాళ నవ్వు కూడా బద్ధకంగా వచ్చింది. జుట్టు జారిపోయి ఉంది, ఎత్తికట్టలేదు. పళ్లెం చాచింది. రొట్టె వేస్తున్నట్టు వేసి, రెండో చేత్తో దీపం వెలిగించి ఆమె మణికట్టు మీదికి తిప్పాను.

వరసలో ఉన్నవాళ్లంతా "అబ్బా" అన్నారు. అంత నీలం. చర్మం లోపల ఎవరో దీపం పెట్టినట్టుంది.

"ఎవురే ఆ పిలగాడు?" అని వెనకనుంచి ఎవరో అరిచారు. అందరూ నవ్వారు.

లింగేశ్వరి నవ్వలేదు. దీపం కేసి చూసింది, నాకేసి చూసింది. "గడపలో నా చేతికి దీపం పట్టి ఎన్నేండ్లయిందో వదినా. మా యమ్మ పట్టేది" అంది. తూలినట్టుగా నడుచుకుంటూ పోయింది.

నాకు ఒళ్లంతా కారం రాసుకున్నట్టయింది. మద్దిలేటి పంపుల దగ్గర ఉన్నాడు. అయినా ఈమె మణికట్టు అప్పటి ఆయన మణికట్టుకంటే నీలంగా ఉంది. అంటే ఏమిటి? పంపుల దగ్గర్నుంచి అరలోకి దొంగదారి ఏదో ఉండి ఉండాలి. ఇంటికి వచ్చే ముందు ఆయన మణికట్టు చల్లటినీళ్లతో కడుక్కుంటున్నాడేమో. కడిగితే పచ్చబొట్టు మెరుపు పోతుందా? నా మణికట్టు కడిగి చూశాను. అంతవరకూ దిగజారాను. అదీ రాస్తున్నాను.

శనివారం, ఉదయం

హుసేనమ్మకు పెనం అప్పజెప్పి, దీపం కొంగులో దాచుకుని అరకు పోయాను. ఇద్దరినీ ఒకచోట పట్టుకోవాలి, మణికట్లు రెండూ పక్కపక్కన పెట్టి దీపం వెయ్యాలి, ఊరంతా చూడాలి. దారి పొడవునా ఏం మాట్లాడాలో నోట్లోనే కట్టుకుంటూ పోయాను.

తలుపు తోశాను. లోపల ఉక్క. తడిగడ్డి వాసన. వరసగా వేలాడుతున్న గడ్డి సంచులు, వాటి నిండా తెల్లగా విచ్చుకున్న పుట్టగొడుగులు. మూలన పాతగడ్డి మేసేందుకు కట్టేసిన బొల్లిమేక పడుకుని ఉంది. సంచుల మధ్య నేల మీద లింగేశ్వరి కూర్చుని ఉంది, గోడకు తల ఆనించి, కళ్లు మూసుకుని.

"యాడుండాడు?" అని అరిచాను.

కళ్లు తెరవలేదు. "ఎవురు వదినా?" అంది. నాలుక మందంగా ఉంది.

సంచుల వెనకాల చూశాను. తొట్ల వెనకాల చూశాను. ఎవరూ లేరు. ఊదా దీపం వెలిగించి మూలమూలలా తిప్పుతున్నాను, ఒంటి మీద తెలివి లేనట్టు. అలా తిప్పుతుంటే వెలుతురు బొల్లి మీద పడింది.

మేక చెవి నీలంగా మెరిసింది.

దాని దగ్గరకు పోయి దీపం చెవికి ఆనించాను. మద్దిలేటి మణికట్టు మీద చూసిన నీలమే, అంతకంటే ముదురు. కట్టుగొయ్యకు కట్టేసిన మేక. కదలని మేక. దీనికి కూడా నా మొగుడే కావాలా?

నవ్వొచ్చింది. నవ్వడానికి ఊపిరి చాలలేదు. అప్పుడు తెలిసింది నాకు. తల పోటు పెడుతోంది. ఎంత లాగినా ఊపిరి గుండె దాకా పోవడం లేదు. ఆయన మాటిమాటికీ బరువుగా ఊపిరి తీసింది ఇందుకా? రొట్టె ముట్టనిది ఇందుకా? చెప్పులు కాళ్లకుండగానే వెతికింది ఇందుకా?

ఇంకొక సంగతి కూడా రాయాలి, లేకపోతే ఈ చిట్టాకు అర్థం లేదు. లింగేశ్వరి కళ్లు మూసుకుని ఉంది. నేను ఇక్కడికి వచ్చిన సంగతి బయట ఎవరికీ తెలియదు. ఒక్క క్షణం నా కాళ్లు తలుపు వైపు తిరిగాయి. తిరిగాయి, అంతే. మళ్లీ ఇటు తిరిగాను.

చక్రం పట్టి లాగాను. కదల్లేదు. వేలాడి లాగాను. ఇద్దరం పట్టి తిప్పితేగానీ తెరుచుకోదని ఆయన చెప్పిన మాట చెవిలో మోగింది. రెండోవాణ్ణి నేనే కదా ఇక్కడినుంచి తీసేయించింది! చక్రం వదిలేసి, ఆమె చంకల కింద చేతులు దూర్చి లాగాను. ఈనెంత నడుమని రాశాను కదా, ఆ ఈనె బండరాయంత బరువుంది. "లెయ్యి మే, లెయ్యి, నీకు దండం పెడతా" అంటూ లాగాను. తలుపు దాటించి సందులో పడేసి, మళ్లీ లోపలికి పోయి మేక తాడు విప్పాను. దాన్ని ఈడ్చుకుంటూ బయటికి వచ్చి పడిపోయాను. ఎవరు వినిపించుకున్నారో, నా అరుపులకు జనం పరుగెత్తుకొచ్చారు.

అదే రోజు, ఆసుపత్రి వరండాలో

లింగేశ్వరి మొహానికి గాలి గొట్టం పెట్టారు. ఇంకా కళ్లు తెరవలేదు. బతుకుతుందా అని అడిగితే డాక్టరమ్మ చూద్దాం అంది. పెద్ద ఊదా దీపం తెచ్చి ఆమె మణికట్టు మీద పెట్టి, పక్కనే ఉన్న పెట్టెలో అంకెలు చూస్తోంది.

"కండకు గాలి చాలకపోతే లోపల పులుపు పుడుతుంది ఓబుళమ్మా" అని చెప్పింది డాక్టరమ్మ. "పెరుగులో ఉంటుందే, అదే పులుపు. పరుగెత్తినా పుడుతుంది, భయపడినా పుడుతుంది, మెట్లెక్కినా పుడుతుంది. ఈ సిరా ఆ పులుపును పట్టుకుంటుంది. ఎంత పట్టుకుంటే ఊదా వెలుతురులో అంత నీలంగా మెరుస్తుంది. ఎంతుందో చెబుతుంది గానీ, ఎందుకుందో చెప్పదు. గడపలో దీపం పెట్టింది ఇందుకే. వరసగా రెండు రోజులు నీలం కనిపిస్తే మాకు చెప్పమని ప్రతి తలుపు వెనకా రంగుల కాగితం అంటించాం కదా. మీ ఇంట్లో లేదా?"

ఉంది. మా పెళ్లి ఫోటో కింద ఉంది.

నెలకోసారి వీళ్లు పరీక్ష చేస్తారు, అదీ పొద్దున్నే, పనుల్లోకి పోకముందు. రాత్రంతా మంచి గాలి పీల్చిన మణికట్టు బూడిదగా కాక ఎలా ఉంటుంది? సాయంత్రం చూసేది గడపలో నిలబడ్డ మనిషే. మద్దిలేటికి గడపలో నేనున్నాను, చూశాను, చూసి ఏడ్చాను. లింగేశ్వరి గడపలో ఎవరూ లేరు.

మద్దిలేటి పంపుల దగ్గర్నుంచి పరుగున వచ్చాడు. ఎర్రిస్వామి మామ కూడా వచ్చాడు. వాళ్లిద్దరి ముందే చెప్పేశాను. నేనే ఏడ్చి మార్పించానని, ఇంకొకరిని వెయ్యమని ఆయన చెప్పినా నేను మామకు చెప్పలేదని. మామ తల దించుకున్నాడు. మద్దిలేటి చాలాసేపు నా మొహంలోకి చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"నన్ను అడిగుండొచ్చు కదా మే" అన్నాడు. అంతే. గాలిదారి శుభ్రం చెయ్యడానికి నలుగురిని వెంటబెట్టుకుని పోయాడు.

ఆదివారం

మద్దిలేటి ఇంటికి రాలేదు. గాలిదారి లోపల గడ్డిదూగర, తెల్లటి బూజు పేరుకుని సగానికి పైగా మూసుకుపోయిందట, ఇంకా తవ్వుతున్నారట. రాయడానికి రంగు లేదు.

లింగేశ్వరి కళ్లు తెరిచింది. మొదట నీళ్లడిగింది. గ్లాసు పట్టింది నేనే.

"లింగేశ్వరీ, నీకొక సంగతి చెప్పాల" అన్నాను.

"తెలుసులే వదినా. అన్నను నువ్వే మార్పిస్తివి."

"ఎట్ల తెలుసు?"

"ఆపొద్దు రొట్టె ఏసేటప్పుడు నన్ను చూసినావు సూడు, అప్పుడే తెలిసె."

"తెలిసి కూడా నోరు తెరవకపోతివే? అరుచుండొచ్చు కదా నా మీద!"

"అరిస్తే మీ ఇంట్లో కొట్లాట అవుతాది. నాకెవరున్నారు వదినా, అన్నా వదినా అని పిల్చుకోనీకి?" అంది.

ఏడుపొచ్చింది. ఈసారి అంతా నిజం ఏడుపే. అయినా ఒకటి రాయాలి. కళ్లు తుడుచుకుంటూ చూస్తే, ఆమె జుట్టు మళ్లీ జారి ఉంది, జబ్బులో కూడా అందంగానే ఉంది. నాకు మళ్లీ కుళ్లొచ్చింది. ఆ కుళ్లుతోనే దగ్గరకు జరిగి జడ అల్లాను, గట్టిగా, జారకుండా.

బుధవారం, పనులు దిగే వేళ

పెళ్లి ఫోటో పీకేశాను. కింద కాగితం సగం చిరిగి వచ్చింది, మిగిలిన సగంలో నీలం రంగు గడి, దాని పక్కన "ఆసుపత్రికి తెలపండి" అన్న అక్షరాలు ఉన్నాయి. ఫోటో మంచం తలాపున పెట్టాను.

నిన్నటి నుంచి నేను పుట్టగొడుగుల అరలో పనిచేస్తున్నాను. నేనే అడిగాను. మామ నా మొహం చూసి వెంటనే వేశాడు. లింగేశ్వరికి ఇంకా బరువు పని వద్దన్నారు, కూర్చుని పుట్టగొడుగులు కోస్తుంది. చక్రానికి మాత్రం ఆమె ఒక చెయ్యి వేస్తుంది, నేను రెండు చేతులూ వేస్తాను. చల్లటి గాలి వచ్చి మొహాన కొడుతుంది. బొల్లి చెవికి నిన్నా ఇవాళా దీపం పట్టాను. బూడిద. లింగేశ్వరి మణికట్టుకు ఆమె గది గడపలో నేనే దీపం పట్టి, తర్వాత మా ఇంటికి వస్తున్నాను. అదీ బూడిదే.

ఇవాళ బయల్దేరుతుంటే నా చేతిలో పొట్లం పెట్టింది. "పుట్టగొడుగుల వేపుడు వదినా, అన్నకియ్యి. ఆయనకిది ఇష్టం."

ఆయనకేది ఇష్టమో ఈమె నాకు చెప్పాలా? దారిలోనే తినేశాను. బాగుంది, అదే నా బాధ.

మా సందు మలుపు తిరిగేసరికి గడపలో మద్దిలేటి నిలబడి ఉన్నాడు. పంపుల పని తొందరగా దిగుతుంది, ఇప్పుడు ఆయనే ముందు ఇల్లు చేరుతున్నాడు. నిన్న లోపలే కూర్చుని ఉండిపోయాడు, నేనే తలుపు తీసుకుని వచ్చాను. ఇవాళ చేతిలో ఊదా దీపం ఉంది.

"చెయ్యి చూపీ మే" అన్నాడు.

చూపించాను. పట్టుకోవడం రాక నా వేళ్లు గట్టిగా పట్టుకున్నాడు. దీపం వెలిగించాడు. నా పచ్చబొట్టు ఇంత చక్కగా ఉంటుందని నాకే తెలియదు. లేత నీలంగా మెరుస్తోంది.

"నీలముందే" అన్నాడు. ఎన్నో రోజుల తర్వాత మీసం కింద నవ్వు కదిలింది. "ఎవుర్ని చూసొస్తివి?"

"లింగేశ్వరిని" అన్నాను.

పకపకా నవ్వాడు. ఆ నీలం చక్రం తిప్పినందుకో, మెట్లెక్కి వచ్చినందుకో, వేపుడు పొట్లం మీది కోపానికో, గడపలో ఆయన్ని చూసినందుకో. దేనికో సిరా చెప్పదు. నేనూ చెప్పలేదు. మూతి తుడుచుకుని లోపలికి వచ్చాను.

చిట్టా ఇవాళ ఆయనే రాస్తానన్నాడు. నేనివ్వలేదు.

ఓబుళమ్మ వచ్చింది. మణికట్టు లేత నీలం.